ఆరేళ్లలో మూడు అన్‌లాక్డ్ ఫోన్లు: పెట్టిన ధరకు దక్కినదెంత

2019 నవంబరు నుంచి 2025 సెప్టెంబరు వరకు నేను మూడు అన్‌లాక్డ్ స్మార్ట్‌ఫోన్లు వాడాను. మూడూ ఒకదానితో ఒకటి పోటీపడే మూడు వేర్వేరు సంస్థలు తయారుచేసినవి. మొదటిది 30 నెలలు, రెండోది 14 నెలలు నా దగ్గర ఉన్నాయి. మూడోది చేతికి వచ్చి 26 నెలలైంది, ఇంకా వాడుతున్నాను. వాటిలో నేను చూసిన లోపాలను చెప్పేటప్పుడు సంస్థల పేర్లు చెప్పను. ఒకే సంస్థ ఒకే ఏడాది ఒక మంచి మోడల్‌నూ ఒక నాసిరకం మోడల్‌నూ అమ్మడం మామూలే కాబట్టి, పేరు చూసి కొనేవారికీ పేరు చూసి మానుకునేవారికీ నా అనుభవం తప్పుదారి చూపే అవకాశం ఉంది. అందరికీ తెలియవలసిన విధానాల దగ్గర మాత్రం పేర్లు రాస్తాను.

ధరను కూడా డబ్బు లెక్కలో కాకుండా పాళ్లలో చెబుతాను. మొదటి ఫోన్ ధరను 100 అనుకుంటే రెండోదానికి 140, మూడోదానికి 170 పెట్టాను. మొదటిది ఆనాటి మధ్యశ్రేణి ఫోన్: 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ, ఎల్‌సీడీ తెర, 48 మెగాపిక్సెళ్ల కెమెరా. రెండోది కాగితం మీద మూడింటిలోకీ ఘనమైనది: సెకనుకు 120 సార్లు బొమ్మను మార్చే 120 హెర్ట్జ్ ఓఎల్‌ఈడీ తెర, 108 మెగాపిక్సెళ్లు, 67 వాట్ల చార్జింగ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. మూడోది 2022లో విడుదలైన ఒక పెద్ద సంస్థ ఖరీదైన మోడల్. కొత్త మోడల్ వచ్చాక ధర తగ్గినప్పుడు, 2023 జులైలో కొన్నాను. దాని కెమెరా 50 మెగాపిక్సెళ్లు, చార్జింగ్ 25 వాట్లు, బ్యాటరీ రెండోదాని కంటే చిన్నది. రెండింటి వివరాల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చూసిన మా తమ్ముడు, ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ ఫోన్ ఎందుకు కొంటున్నావన్నా అని అడిగాడు. అప్పటికి రెండో ఫోన్‌తో 14 నెలలు వేగి ఉన్నాను గనుక నా దగ్గర జవాబు ఉంది.

అన్‌లాక్డ్ అన్న మాటతోనే మొదలుపెట్టాలి. ఫోన్ ఫలానా నెట్‌వర్క్ సిమ్‌కు మాత్రమే కట్టుబడి లేదని, ఏ సిమ్ వేసినా తీసుకుంటుందని ఆ మాటకు అర్థం. అంతవరకే. ఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చుకోనిచ్చే బూట్‌లోడర్ అన్‌లాక్ అనేది దీనితో సంబంధం లేని వేరే విషయం, అయినా చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఫోన్ సిమ్‌ను తీసుకోవడం వేరు, ఆ సిమ్ నెట్‌వర్క్ వాడే తరంగాలన్నిటినీ అందుకోవడం వేరు. ఈ తేడా తెలియకుండానే నేను రెండో ఫోన్ కొన్నాను.

ఆ ఫోన్ వేరే మార్కెట్ కోసం తయారైన రకం. ఒకే పేరుతో అమ్మే మోడల్‌కు ప్రాంతాన్ని బట్టి మూడు నాలుగు రకాలుంటాయి, వాటి మోడల్ సంఖ్యలో చివరి ఒకటి రెండు అక్షరాలే మారుతాయి, లోపల రేడియో అందుకునే బ్యాండ్లు, అంటే తరంగాల శ్రేణులు, మాత్రం చాలా మారతాయి. 700, 800 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు బ్యాండ్లు గోడలు దాటి లోపలికి బాగా వస్తాయి, దూరం కూడా ఎక్కువ పోతాయి. 2000 మెగాహెర్ట్జ్ పైన ఉండేవి వేగంగా డేటా ఇస్తాయి గానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసిస్తాయి. నా నెట్‌వర్క్ ఇళ్ల లోపల ఆధారపడే తక్కువ బ్యాండ్ ఒకటి ఆ ఫోన్‌లో లేదు. వీధిలో నిలబడితే నాలుగు గీతలు, వంటింట్లోకి వస్తే ఒక్క గీత.

అంతకంటే బాధపెట్టినది వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం, లేకపోవడం. కాల్ చేయడానికి నంబరు నొక్కగానే తెర పైన ఉన్న 4జీ గుర్తు మాయమై దాని చోట హెచ్ అన్న అక్షరం వచ్చేది, అయిదారు సెకన్ల నిశ్శబ్దం తరువాత రింగ్ మొదలయ్యేది. కాల్ ముగిశాక మళ్లీ 4జీ రావడానికి మరికొంతసేపు. మొదట దీన్ని పట్టించుకోలేదు. నిజానికి ఆ చిన్న అక్షరమే మొత్తం కథ చెబుతోంది. ఆ ఫోన్ మోడల్ నా నెట్‌వర్క్ వారు ఆమోదించిన జాబితాలో లేనందున 4జీ మీద మాట మోయడానికి వారు అనుమతించడం లేదు, అందుకే ప్రతి కాల్‌కూ ఫోన్ పాత 3జీకి దిగిపోతోంది. చాలా దేశాల్లో 3జీ టవర్లను ఇప్పటికే మూసేశారు, మూస్తున్నారు. 3జీతో పాటు అంతకుముందరి 2జీ కూడా పోయిన చోట ఇలాంటి ఫోన్ డేటాకు పనికివస్తుంది, అత్యవసర సమయంలో అమ్మకు ఫోన్ చేద్దామంటే కాల్ పోదు. ఫోన్ మొట్టమొదట ఫోన్‌గా పనిచేయాలి కదా. 108 మెగాపిక్సెళ్ల కోసం నేను ఇచ్చిన అదనపు 40 పాళ్లలో ఈ ఒక్క లోపాన్ని పూడ్చగలిగేది ఏదీ లేదు.

కొనేముందు ఇది తెలుసుకునే దారి ఉంది. మోడల్ పేరు కాకుండా పెట్టె మీద ఉండే పూర్తి మోడల్ సంఖ్యతో బ్యాండ్ల జాబితా వెతకాలి, దాన్ని మన నెట్‌వర్క్ వాడే బ్యాండ్లతో సరిచూడాలి, వోల్టీకి ఆమోదించిన ఫోన్ల జాబితా ఉందేమో వారినే అడగాలి. వాడిన ఫోన్ అయితే *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ సంఖ్య (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) పెట్టె మీది సంఖ్యతో సరిపోయిందో లేదో చూసి, మన సిమ్ వేసి, ఒక కాల్ చేస్తూ తెర పైభాగాన్ని గమనించాలి. మూడో ఫోన్ కొన్నప్పుడు నేను సరిగ్గా ఇదే చేశాను. కాల్ మధ్యలో కూడా 4జీ గుర్తు కదలకుండా ఉండటం చూశాకే డబ్బు ఇచ్చాను.

కెమెరా అంకెల గురించి ఇప్పుడు నా అభిప్రాయం స్థిరపడింది. 108 మెగాపిక్సెళ్ల సెన్సార్ మామూలుగా ఫొటో తీసేటప్పుడు తొమ్మిదేసి పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కగట్టి 12 మెగాపిక్సెళ్ల చిత్రాన్నే ఇస్తుంది. పూర్తి 108తో తీయడానికి విడిగా ఒక మోడ్ ఉంటుంది, దానితో తీసిన ఫైలు భారీగా ఉంటుంది, వెలుతురు తగ్గితే మామూలు మోడ్ కంటే మసకగా వస్తుంది. 14 నెలల్లో ఆ మోడ్ వాడింది పదిసార్లు కూడా ఉండదు, అందులో సగం మొదటి వారంలో సరదాకే. మూడో ఫోన్‌లో 50 మెగాపిక్సెళ్లే ఉన్నా, చేతి వణుకును లెన్సు కదలికతో సరిచేసే ఓఐఎస్ ఉంది. సాయంత్రం దీపం వెలుగులో కదులుతున్న పిల్లల ఫొటోలు ఈ రెండు ఫోన్లతో తీసినవి నా దగ్గర ఉన్నాయి. రెండో ఫోన్ తీసినవాటిలో వెనుక గోడ కూడా చెదిరి ఉంటుంది. మూడోదానితో తీసినవాటిలో పిల్లల చేతులు చెదిరినా గోడా, కుర్చీలూ, ముఖాలూ నిలకడగా ఉన్నాయి. పట్టికలో ఓఐఎస్ అన్నవి మూడు అక్షరాలే, 108 అన్నది పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

రెండో ఫోన్ వెనుక నాలుగు కళ్లున్నాయి. వాటిలో ఒకటి అతి దగ్గరి వస్తువులను తీయడానికి పెట్టే 2 మెగాపిక్సెళ్ల మాక్రో. మందు సీసా మీది చిన్న అక్షరాలు చదువుదామని ఒకసారి దానితో తీస్తే అక్షరాల అంచులన్నీ నూనె అంటినట్టు కరిగిపోయాయి. అదే సీసాను కాస్త వెనక్కి జరిపి ప్రధాన కెమెరాతో తీసి, తెర మీద పెద్దది చేసుకుంటే హాయిగా చదవగలిగాను. ఆ కన్ను ఫొటోల కోసం పెట్టినది కాదు, వెనుక నాలుగు కెమెరాలు అని రాసుకోవడం కోసం పెట్టినది.

స్టోరేజీ గురించి మాట్లాడేవారు జీబీలే చెబుతారు, రకం చెప్పరు. మొదటి ఫోన్‌లోని ఈఎంఎంసీ చదవడమూ రాయడమూ ఒకేసారి చేయలేదు, దాని గరిష్ఠ వేగం కూడా సెకనుకు 400 ఎంబీ దగ్గర ఆగుతుంది. దానికంటే కొత్త రకం స్టోరేజీ అయిన యూఎఫ్ఎస్ రెండు పనులూ ఏకకాలంలో చేయగలదు, యూఎఫ్ఎస్ 2.2లోనే ఆ పరిమితి దాదాపు మూడింతలు. కొత్తలో తేడా తెలియదు. రెండేళ్లు గడిచి మెమరీ నిండే దశకు వచ్చినప్పుడు తెలుస్తుంది. మొదటి ఫోన్‌లో యాప్‌లు అప్‌డేట్ అవుతున్న సమయంలో గ్యాలరీ తెరిస్తే బూడిదరంగు చదరాలు కనిపించి, ఒక్కొక్క ఫొటో నింపుకుంటూ వచ్చేది. ఆ సమయంలో ఎవరైనా ఫోన్ చేస్తే రింగ్ వినిపించేది గానీ ఎత్తడానికి బొత్తాం తెర మీదికి వచ్చేది కాదు. ఫోన్ పాతబడింది అని మనం అనుకునేది చాలాసార్లు ఈ స్టోరేజీ నెమ్మదే. 8 జీబీకి మరో 8 జీబీ వర్చువల్ ర్యామ్ కలుపుతామనే ప్రకటనలు కూడా ఈ స్టోరేజీ నుంచే కొంత చోటు తీసుకుని ర్యామ్‌లా వాడేవి. స్టోరేజీ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది కనుక దానికి ధర కట్టకూడదు.

చార్జింగ్ విషయంలో రెండో ఫోన్‌కు న్యాయంగా చెప్పవలసింది చెప్పాలి. స్నానం చేసి వచ్చేలోగా సగానికి పైగా నిండేది, అది నాకు నిజంగా నచ్చింది. కానీ ఆ 67 వాట్లు ఆ సంస్థ చార్జరు, ఆ సంస్థ తీగ రెండూ ఉంటేనే వచ్చేవి. ఒక ప్రయాణంలో చార్జరు మరిచిపోయి స్నేహితుడి చార్జరు తీసుకుంటే రెండు గంటలు దాటింది. మూడో ఫోన్ 25 వాట్లే అయినా, అందరికీ ఉమ్మడిగా ఉన్న యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతి కనుక ల్యాప్‌టాప్ చార్జరుతో కూడా అదే వేగం వస్తుంది. 120 హెర్ట్జ్ తెర బాగుంటుంది, ఒకసారి అలవాటైతే 60 తడబడుతున్నట్టు అనిపిస్తుంది. ఆ సొగసుకు కొంత ఎక్కువ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక అప్‌డేట్లు. శాంసంగ్ 2022 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన మోడళ్లకు నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఐదేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8తో ఏడేళ్లు అంది, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ కూడా ఏడేళ్లకు వచ్చింది. ఆపిల్ 2015లో ఐఓఎస్ 9తో విడుదల చేసిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 వరకు ఇచ్చింది. కొనేవారు మరిచిపోయేది ఒకటుంది: ఈ ఐదేళ్లు, ఏడేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, మోడల్ విడుదలైన నాటి నుంచి లెక్క. ధర తగ్గిన పాత మోడల్ కొన్నప్పుడు తగ్గిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నా మూడో ఫోన్‌కు ఐదేళ్ల మాట ఇచ్చినా, నేను కొనేనాటికి మిగిలినవి 42 నెలలే.

ఆ నెలలతోనే లెక్క వేశాను. మొదటి ఫోన్‌కు భద్రతా అప్‌డేట్లు 24 నెలలకే ఆగిపోయాయి. బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్‌ను ఆ తరువాత ఆరు నెలలు బిక్కుబిక్కుమంటూ వాడాను గనుక వాటిని లెక్కలో వేయను. 100 పాళ్లను 24తో భాగిస్తే నెలకు 4.2. రెండో ఫోన్‌కు పెట్టిన 140లో అమ్మినప్పుడు 50 తిరిగి వచ్చింది, మిగిలిన 90 పాళ్లు 14 నెలలకు, అంటే నెలకు 6.4. మూడోదాని 170కి, ఇప్పుడు వేయించబోయే కొత్త బ్యాటరీ ఖర్చు 12 కలిపి 42తో భాగిస్తే 4.3. చవకదీ ఖరీదైనదీ నెలల లెక్కలో దాదాపు సమానమయ్యాయి, పట్టికలో గెలిచినదే ఎక్కువ ఖర్చు పెట్టించింది. మొదటి, మూడో ఫోన్లలో ఏదో ఒకటి ఎంచుకోమంటే మాత్రం నాకు తటపటాయింపు లేదు. ఒకే ధరకు మొదటిదానితో బూడిదరంగు చదరాలు చూస్తూ గడిపాను, మూడోదానితో కాల్ పోతుందా లేదా అన్న ఆలోచనే రాలేదు.

మూడోదానిలో లోపాలు లేవని కాదు. ఎండలో వీడియో తీస్తే పది నిమిషాలకు వెనుకభాగం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, వేడెక్కగానే తెర కాంతి దానంతటదే తగ్గిపోతుంది. మెమరీ కార్డు పెట్టే చోటు లేదు, ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు. 128 జీబీలో నాకు మిగిలినవి 9 జీబీ. బ్యాటరీ మొదటి ఏడాది రాత్రి వరకు వచ్చేది, ఇప్పుడు సాయంత్రం నాలుగింటికే 20 శాతానికి దిగుతోంది. అసలు బ్యాటరీ తమ దగ్గర దొరుకుతుందని, రెండు గంటల పని అని సర్వీసు సెంటరు వారు చెప్పారు. ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం నిన్ననే పూర్తయింది, సోమవారం ఫోన్ ఇచ్చి వస్తాను. అప్పటిదాకా చార్జరు సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను.