నారోయ్ ఫియోర్డ్: ఎక్కడ దిగాలి, ఏ పడవెక్కాలి, ఎటు నడవాలి

నార్వే వెళ్ళే మనవాళ్ళలో చాలామంది ఫియోర్డ్‌ని (నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయని) ఒక్క రోజులో కానిచ్చేస్తారు. పొద్దున్నే ఓస్లోలో రైలెక్కి, మిర్దాల్‌లో బండి మారి, ఫ్లోమ్‌లో పడవెక్కి, గుద్వాంగెన్‌లో బస్సు పట్టుకుని, రాత్రికి బెర్గెన్ చేరతారు. 'నార్వే ఇన్ ఎ నట్‌షెల్' పేరుతో అమ్మే ప్యాకేజీ ఇదే. టికెట్లన్నీ ఒకేచోట దొరకడం తప్ప అందులో ప్రత్యేకం ఏమీ లేదు, అవే రైళ్ళూ అవే పడవలూ విడివిడిగా బుక్ చేసుకోవచ్చు. ఆ లెక్కలో నడకకు చోటుండదు. వాన పడితే మబ్బులూ గొడుగులూ చూసి రావాల్సిందే. పడవ, నడక రెండూ కావాలంటే అక్కడ కనీసం మూడు రాత్రులు ఉండాలి. ఒక రోజు నీళ్ళ మీద, ఒక రోజు కొండల్లో, మూడోది ఖాళీగా ఉంచుకోవాలి. ఏ రోజు ఏది అన్నది వాతావరణం చూశాకే తేల్చుకోవాలి.

ముందు ఊళ్ళ సంగతి. సముద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చిన సోగ్నె ఫియోర్డ్‌కి ఒక పాయ ఔర్లాండ్ ఫియోర్డ్. దాని నుంచి చీలిన సన్నటి పాయ నారోయ్ ఫియోర్డ్. మరీ ఇరుకైన చోట దీని వెడల్పు 250 మీటర్లే. 2005లో గైరాంగర్ ఫియోర్డ్‌తో కలిపి యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఔర్లాండ్ పాయ కొసన ఫ్లోమ్, అక్కడికి బస్సులో పది నిమిషాల దూరంలో ఔర్లాండ్ ఊరు, నారోయ్ పాయ కొసన గుద్వాంగెన్ ఉంటాయి.

బసకి ఎక్కువమంది ఫ్లోమ్‌నే ఎంచుకుంటారు. రైలు, పడవ, బస్సు అన్నీ రెండు నిమిషాల నడకలో ఉంటాయి కాబట్టి సామాను ఎక్కువున్నవాళ్ళకు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అదే మేలు. అయితే పెద్ద క్రూజ్ ఓడ వచ్చిన రోజు వేలమంది ఒక్కసారిగా దిగుతారు, మధ్యాహ్నం దాకా ఆ రేవు తిరునాళ్ళే. ఏ తేదీన ఏ ఓడ వస్తుందో రేవు వాళ్ళు ముందే ప్రకటిస్తారు. అది చూసుకుని, ఓడ ఉన్న రోజు కొండెక్కి, లేని రోజు పడవెక్కడం తెలివైన పని. నడక కోసం వెళ్ళేవాళ్ళకు ఔర్లాండ్ నయం. ఊరు ప్రశాంతంగా ఉంటుంది, కిరాణా దుకాణం ఉంటుంది, కింద చెప్పే ఔర్లాండ్స్‌దాలెన్ లోయ నడకకి బస్సు కూడా దగ్గర. గుద్వాంగెన్‌లో సాయంత్రం పడవలు వెళ్ళిపోయాక చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. కయాక్ (ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ) వేయడమే ప్రధానం అనుకుంటే తప్ప అక్కడ ఒక రాత్రికి మించి అవసరం లేదు.

హోటలు ఖర్చు భరించలేమనుకుంటే క్యాంపింగ్ స్థలాల్లో చెక్క క్యాబిన్లు ఉంటాయి. వీటిలో రెండు విషయాలు మనవాళ్ళను ఇబ్బంది పెడతాయి. దుప్పట్లు, దిండు గలీబులు చాలాచోట్ల అద్దెలో కలిసి ఉండవు, విడిగా డబ్బు కట్టాలి. వెళ్ళేటప్పుడు గది ఊడ్చి, తుడిచి అప్పగించాలి, లేదంటే శుభ్రం చేసినందుకు వసూలు చేస్తారు. వంటగది మాత్రం చాలావాటిలో ఉంటుంది. బయట ఒక్క పూట భోజనం ధర చూశాక ఆ వంటగది విలువ తెలుస్తుంది. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు కాబట్టి బియ్యం, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. ఇంటి నుంచి ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు పట్టుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. యూరప్ బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషేధం.

పడవల్లో అందరూ ఎక్కేది ఫ్లోమ్–గుద్వాంగెన్ మధ్య నడిచేది. ప్రయాణం దాదాపు రెండు గంటలు. 'ఫ్యూచర్ ఆఫ్ ది ఫియోర్డ్స్' అనే పడవ 2018 నుంచి పూర్తిగా బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంజను రొద లేకపోవడం వల్ల జలపాతం దగ్గరకు వెళ్ళినప్పుడు నీళ్ళ చప్పుడు వినబడుతుంది. డీజిల్ పడవలో ఆ సుఖం లేదు. పక్కల వెంట వాలుదారి మెలికలు తిరుగుతూ పై డెక్కు దాకా వెళ్తుంది కాబట్టి చోటు కోసం తోసుకోనక్కర్లేదు. జులైలో కూడా పైన గాలి కోసేస్తుంది, మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మొహమాటపడొద్దు. తిరుగు ప్రయాణానికి మళ్ళీ పడవ దండగ. సొరంగాల్లోంచి వెళ్ళే బస్సు ఇరవై నిమిషాల్లో ఫ్లోమ్ చేరుస్తుంది. దారిలో పడవ ఉండ్రెదాల్ దగ్గర ఆగుతుంటే దిగి, మేకపాల చీజ్ రుచి చూసి, తర్వాతి పడవ పట్టుకోవచ్చు. ఆగుతుందో లేదో టికెట్ కొనేటప్పుడే అడగాలి.

పైకప్పు లేని రబ్బరు స్పీడు బోట్లు కూడా ఉన్నాయి. ఒంటినిండా కప్పే సూటు వాళ్ళే ఇస్తారు. అలల మీద బోటు ఎగిరెగిరి పడుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు వీటి జోలికి పోకూడదు.

కయాక్ విషయంలో కాస్త ఆలోచించాలి. నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి కాబట్టి సులువనిపిస్తుంది, కానీ అక్కడ ప్రమాదం చల్లదనంతో. వేసవిలో కూడా కరిగిన మంచు నీళ్ళు వచ్చి చేరుతూనే ఉంటాయి. బోల్తా పడితే ముందు ఊపిరి ఆడదు, కొద్ది నిమిషాల్లో వేళ్ళు పట్టు తప్పుతాయి. అందుకే లైఫ్ జాకెట్ ఒక్కటే చాలదు, నీళ్ళు లోపలికి రాని డ్రై సూటు ఇస్తారా అని అడిగే బుక్ చేయాలి. రెండోది గాలి. ఎండ కాసే రోజున మధ్యాహ్నానికి లోయలు వేడెక్కి, గాలి సముద్రం వైపు నుంచి లోపలికి వీస్తుంది. గుద్వాంగెన్ నుంచి పొద్దున్నే బయల్దేరితే, తిరిగొచ్చేటప్పుడు ఆ గాలి వీపున ఉండి నెడుతుంది. ఆలస్యంగా బయల్దేరితే వెళ్ళేటప్పుడే ఎదురుగాలి. మూడోది పెద్ద పడవ రేపే అల. అది కొండగోడకి కొట్టుకుని మళ్ళీ వెనక్కి వస్తుంది. మొదటి అల పోయిందని తెడ్డు పక్కన పెడితే రెండోది పక్క నుంచి తగులుతుంది. రెండూ పోయేదాకా కయాక్ ముక్కు అలకి ఎదురుగా ఉంచాలి. ఒడ్డు చాలాచోట్ల నిట్టనిలువు రాయి, దిగే చోట్లు తక్కువ. తెడ్డు పట్టడం కొత్తయితే గైడుతో వెళ్ళే మూడు గంటల ట్రిప్పు తీసుకోండి, సొంతంగా అద్దెకు తీసుకోవద్దు.

నడకల్లో అసలైనది ఔర్లాండ్స్‌దాలెన్. ఓస్టర్‌బో నుంచి వాస్‌బిగ్ది దాకా సుమారు 20 కిలోమీటర్లు, ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. 800 మీటర్ల ఎత్తులో మొదలై లోయలోకి దిగుతుంది. దిగడమే కదా అని తీసిపారేయొద్దు. తడి రాళ్ళ మీద అంతసేపు దిగితే మోకాళ్ళు పడే బాధ ఎక్కడంలో ఉండదు. చేతికర్ర ఉంటే మంచిది. దారంతా రాళ్ళ మీద ఎర్ర 'టి' గుర్తులుంటాయి. ఓస్టర్‌బోకి బస్సు వేసవిలోనే ఉంటుంది, రోజుకి బహు కొద్ది. కాబట్టి ముందు వాస్‌బిగ్ది నుంచి చివరి బస్సు ఎన్నింటికో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. జూన్ మొదట్లో పైన మంచు ఉండొచ్చు. జులై, ఆగస్టు నిశ్చింత.

అంత ఓపిక లేనివాళ్ళకు మిర్దాల్ నుంచి ఫ్లోమ్‌కి నడక ఉంది. రైలుదీ అదే లోయ. 20 కిలోమీటర్ల ఈ లైను 866 మీటర్ల ఎత్తు నుంచి సముద్రమట్టానికి దిగుతుంది. టికెట్ దూరానికి మించి ఖరీదు. పైకి రైల్లో వెళ్ళి కిందికి నడిస్తే సగం ఖర్చు మిగులుతుంది. మొదట్లోనే 21 మెలికలు, గులక దారి. ఆ తర్వాత నెమ్మదైన వాలు. జులై మధ్య నుంచి ఇదే దారిలో సైకిళ్ళు జోరుగా దిగుతాయి, మెలికల దగ్గర పక్కకు నడవాలి.

గంటన్నరే ఉంటే ఫ్లోమ్ నుంచి బ్రెక్కెఫోసెన్ జలపాతం దాకా రాతిమెట్లెక్కి రావచ్చు. స్తేగాస్తైన్ వ్యూపాయింటుకి మాత్రం ఫ్లోమ్ నుంచి బస్సులోనే వెళ్ళడం మేలు. ఫియోర్డ్‌కి 650 మీటర్ల పైన గాల్లోకి 30 మీటర్లు చొచ్చుకెళ్ళిన చెక్క వేదిక అది. చేరే రోడ్డు ఇరుకు, ఎదురుబండి వస్తే వెనక్కి నడపాలి.

సామానులో గొడుగు కంటే వాన జాకెట్టు, నూలు బనీను కంటే ఉన్ని బనీను మంచివి. తడిసిన నూలుబట్ట ఒంటి మీద ఆరదు. వాతావరణానికి అక్కడివాళ్ళు నమ్మేది 'ఇర్' (Yr) యాప్. అందులో బెర్గెన్ పేరు కొట్టి బెంగపడొద్దు, ఔర్లాండ్ పేరే కొట్టాలి. తీరంలో కురిసినంత వాన లోపల కురవదు.

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 30 వేల యూరోలకు తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. జులైకి వెళ్ళాలంటే ముందు బస ఖాయం చేసుకోండి. ఆ ఊళ్ళలో గదులు తక్కువ, పడవ సీట్ల కంటే ముందు అవే అయిపోతాయి. కయాక్ బుకింగు చివర్లో చేసినా ఫర్వాలేదు. గాలి ఎక్కువైతే వాళ్ళే రద్దు చేస్తారు, అప్పుడు డబ్బు తిరిగిస్తారో తేదీ మారుస్తారో కట్టేముందే కనుక్కోండి.