ఆర్‌ఐఆర్ పద్ధతి: చాలాకాలంగా వాడుతున్న మనిషిగా నా సమీక్ష

జిమ్‌లో ఎవరు గట్టిగా చేస్తున్నారో చెప్పమంటే చాలామంది చెమట చూస్తారు, ముఖం చూస్తారు. నేను బార్ పైకి లేచే వేగం చూస్తాను. ఈ అలవాటు 'రెప్స్ ఇన్ రిజర్వ్' (ఆర్‌ఐఆర్) పద్ధతితో వచ్చింది. బరువును ఒకసారి ఎత్తి దించడం ఒక రెప్, ఆగకుండా వరుసగా చేసే రెప్స్ ఒక సెట్. సెట్ ఆపిన వెంటనే ఇంకా ఎన్ని రెప్స్ చేయగలిగేవాళ్లమో అంచనా వేసి రాసుకోవాలి, అంతే. సున్నా అంటే ఇక ఒక్కటి కూడా లేవదని. శ్రమను అంకెల్లో చెప్పే పని 1960లలో స్వీడన్ మానసిక శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ మొదలుపెట్టాడు. ఆయన స్కేలు 6 నుంచి 20 వరకు ఉంటుంది. బరువులెత్తేవాళ్లకు మాత్రం మిగిలిన రెప్స్ లెక్కే సులువు.

బరువైన స్క్వాట్ (భుజాల మీద బార్‌తో కూర్చుని లేవడం) సెట్‌ను పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి చూడండి. మొదటి మూడు రెప్స్ ఒకే వేగంతో లేస్తాయి. నాలుగోది తొడలు నేలకు సమాంతరం దాటి కాస్త పైకి వచ్చాక బరువెక్కినట్టు నెమ్మదిస్తుంది. ఐదోది అక్కడే దాదాపు ఆగిపోయి, మళ్లీ కదులుతుంది. పూర్తి బలంతో తోస్తున్నా బార్ నెమ్మదించిందంటే కండరం హద్దు దగ్గరపడిందని అర్థం. కావాలని మెల్లగా చేసే రెప్‌కు ఈ లెక్క పనికిరాదు.

ముఖంలో కనిపించే కష్టం అబద్ధమని నేననను. కాళ్లతో బరువు ఎత్తేటప్పుడు శ్రమ పెరిగేకొద్దీ కనుబొమలు ముడిచే కండరం కూడా బిగుసుకుంటుందని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కానీ ముఖం మనిషిని బట్టి మారుతుంది. చెమట సంగతి సరే సరి, అది ఒంటి వేడిని తగ్గించడానికి పట్టేది. ఫ్యాన్ కింద చేసిన సెట్‌లో బలం తక్కువేం కాదు కదా!

నాకు బాగా నచ్చింది, ప్రతి సెట్‌నూ ఫెయిల్యూర్ దాకా, అంటే ఇక ఒక్క రెప్ కూడా లేవనంతవరకు, లాగనక్కర్లేకపోవడం. బలం పెరగడానికి తగినంత బరువు పెట్టి, ఒకటి నుంచి మూడు రెప్స్ మిగిల్చి ఆపినా సరిపోతుంది, తర్వాతి సెషన్‌కు ఒళ్లు కూడా సహకరిస్తుంది. కండ సైజే లక్ష్యమైతే మాత్రం హద్దుకు ఇంకాస్త దగ్గరగా వెళ్లడం మేలు.

లోపాలూ ఉన్నాయి. ఇరవై రెప్స్ సెట్లలో ఈ అంచనా నమ్మదగినది కాదు. మంట భరించలేక ఆపేస్తాం, కండరంలో ఇంకా సత్తువ ఉంటుంది. స్క్వాట్‌లోనైతే కాళ్లకంటే ముందు ఊపిరి అందదు. కొత్తవాళ్లకు హద్దు ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఇంకా మిగిలిన రెప్స్‌ను సహజంగానే తక్కువగా అంచనా వేస్తారు. అందుకే అప్పుడప్పుడు లెగ్ ప్రెస్ లాంటి మెషీన్ మీద, సేఫ్టీ స్టాపులు పెట్టుకుని, చివరి సెట్‌ను నిజంగా సున్నా దాకా తీసుకెళ్లమంటాను. ఎన్ని రెప్స్ వస్తాయని ముందుగా రాసుకున్నామో ఆ అంకెకూ, నిజంగా వచ్చిన రెప్స్‌కూ తేడా ఎంతో అక్కడే తేలిపోతుంది.