పన్నెండేళ్ల జెరోధా: నేను ఎదురుగా లేనప్పుడు

2013లో షేర్లు కొనడానికి, అమ్మడానికి జెరోధా అనే ఆన్‌లైన్ బ్రోకర్ దగ్గర ఖాతా తెరుస్తున్నానంటే మా బాబాయ్ ఒకటే అడిగాడు: "ఆ బెంగళూరోళ్లు డబ్బులు మింగేస్తే ఎక్కడికెళ్లి అడుగుతావురా?" అడగాల్సిన మాటే. అప్పటిదాకా మేమిద్దరం వెళ్లిన బ్రోకర్ ఆఫీసు విశాఖ ద్వారకానగర్‌లో ఓ మేడ మీద ఉండేది. గొడవ పడాలంటే మెట్లెక్కితే చాలు. ఇక్కడ ఎక్కడానికి మెట్లు లేవు. పన్నెండేళ్లు వాడాక కూడా నేను ఈ కంపెనీని ఆ ప్రశ్నతోనే కొలుస్తున్నాను. నేను ఎదురుగా లేనప్పుడు నా షేర్లు ఏమవుతాయి?

పాత ఆఫీసు పేరు చెప్పను. గోడకో టీవీ, ప్లాస్టిక్ కుర్చీలు, రిటైరైన పెద్దలు, పదకొండింటికి టీ. డెలివరీకి, అంటే కొని ఉంచుకునే షేర్లకి, యాభై పైసలు, ఏ రోజుకారోజు కొని అమ్మే ఇంట్రాడేకి అయిదు పైసలు అనేవారు. వినడానికి చిల్లరలా ఉంటుంది కానీ అది నూటికి. అరవై వేల రూపాయల షేర్లు కొంటే మూడొందలు, అమ్మితే మళ్లీ మూడొందలు, పైన పన్ను. దానికైనా సర్దుకున్నాను. నా ఉద్యోగం పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెన్సీలో. కంటైనర్ తనిఖీలో ఉంటే ఫోన్ జేబులోంచి తీసే వీలుండదు. ఓ రోజు సాయంత్రం కాంట్రాక్ట్ నోట్‌లో, అంటే ఆ రోజు లావాదేవీల చీటీలో, నేను చెప్పని కొనుగోలు కనిపించింది. ఆఫీసులో మా ఆర్డర్లు వేసే డీలర్‌ని అడిగితే "మీరు ఫోన్ ఎత్తలేదు సార్, ఛాన్స్ పోతుందని కొనేశాను" అన్నాడు, ఏదో ఉపకారం చేసినట్టు. 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటపడిన రోజున మాత్రం అదే డీలర్ లైను మధ్యాహ్నం దాకా ఎంగేజ్. ముందు రోజు 179 దగ్గరున్న సత్యం షేరు సాయంత్రానికి 40కి వచ్చింది. బాబాయ్ దగ్గర వంద షేర్లుండేవి. ఆయన ఆ రోజు మెట్లెక్కి వెళ్లాడు కూడా. అక్కడ ఆయన ముందు ముప్ఫై మంది ఉన్నారు.

జెరోధా పుట్టింది 2010 ఆగస్టు 15న, బెంగళూరులో. నితిన్ కామత్ అంతకుముందు రాత్రిళ్లు కాల్ సెంటర్లో పనిచేస్తూ పగలు ట్రేడింగ్ చేసిన మనిషి, తర్వాత రిలయన్స్ మనీకి సబ్ బ్రోకరు. తమ్ముడు నిఖిల్‌తో కలిసి పెట్టిన కంపెనీ ఇది. పేరులో 'జీరో' ఇంగ్లీషు, 'రోధ' మన అవరోధంలో ఉన్నదే. ఎంత పెద్ద ఆర్డరైనా ఇరవై రూపాయలకి మించి తీసుకోం అన్నారు. బయటి పెట్టుబడి తీసుకోలేదు, ప్రకటనలకి డబ్బు తగలేయలేదు. నాకు కూడా ఆఫీసులో పక్క సీటు కుర్రాడు చెబితేనే తెలిసింది. ఫారాల మీద సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి నొప్పెట్టింది. ఆ కట్టని కొరియర్లో బెంగళూరు పంపాను.

అప్పట్లో వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ లేదు. చాలామంది బ్రోకర్లలాగే నెస్ట్ వాడేవాళ్లు. కంప్యూటర్లో దించుకోవాలి, నల్లటి తెర, ఎఫ్1 నొక్కితే కొనే నీలం పెట్టె, ఎఫ్2కి అమ్మే ఎర్ర పెట్టె. 2013లో కైలాశ్ నాధ్ వచ్చి సాంకేతిక విభాగం పెట్టాక సొంతంగా కట్టుకోవడం మొదలైంది. 2015లో కైట్ వచ్చింది. తెల్లటి తెర మీద ఓ వాచ్‌లిస్టు, ఓ చార్టు, అంతే. 'ఈ షేరు కొనండి' అని చెవిలో ఊదేవాడు లేడు. పాత డీలర్ గొంతు విన్నవాడికి ఆ నిశ్శబ్దం విలువ తెలుస్తుంది. అదే ఏడాది డిసెంబరులో డెలివరీకి బ్రోకరేజీ పూర్తిగా ఎత్తేశారు.

సున్నా అంటే నిజంగా సున్నా కాదు, అదీ చెప్పాలి. అదే అరవై వేలకి ఇప్పుడు కొంటే షేర్ల లావాదేవీ పన్ను ఎస్టీటీ అరవై, స్టాంపు డ్యూటీ తొమ్మిది, అమ్మేటప్పుడు మళ్లీ ఎస్టీటీ. ఇవి ప్రభుత్వానివి, ఏ బ్రోకరైనా తప్పవు. అమ్మిన రోజు ఒక్కో షేరు పేరు మీదా డీపీ ఛార్జీ, అంటే డీమ్యాట్ ఖాతాలోంచి షేర్లు తీసే రుసుము, పడుతుంది, చాలాకాలం పదమూడున్నర, దాని మీద జీఎస్టీ. రెండు వేల విలువైన షేరు అమ్మినా అంతే, రెండు లక్షలదైనా అంతే. కాబట్టి చిన్న చిన్న మొత్తాల్లో రోజుకి కొంచెం అమ్మేవాళ్లు ఓసారి లెక్క వేసుకోండి.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. శుక్రవారం నేను నిఫ్టీ ఫ్యూచర్స్, అంటే నిఫ్టీ సూచీ ముందు ముందు ఎటు పోతుందన్న దాని మీద ఒప్పందం, ఒక లాట్ కొని ఉంచాను. అప్పుడు లాటంటే యాభై. తుపాను వస్తుందని తెలుసు, కానీ విశాఖ మీద నుంచే వెళ్తుందని నా బుర్రకి ఎక్కలేదు. సోమవారం పొద్దున్న మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు, కరెంటు లేదు, ఏ ఫోన్లోనూ సిగ్నల్ లేదు. పాల ప్యాకెట్టు కోసం, మంచినీళ్ల కోసం జనం క్యూ కడుతుంటే నాకు మనసులో ఆ లాట్ కోసం బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన డబ్బు, మార్జిన్, గురించి టెన్షన్. ఇంట్లో చెప్పుకుంటే తంతారు. ఇంత కిందికి పడితే అమ్మేయమనే స్టాప్‌లాస్ పెట్టుంటే అనుకోవద్దు, ఆ ఆర్డరు ఏ రోజుకారోజు సాయంత్రానికి రద్దయిపోయేది. గురువారం మా బావమరిది బండి మీద బయలుదేరి తుని దగ్గరకెళ్లేసరికి రెండు గీతలు సిగ్నల్ దొరికింది. రోడ్డు పక్కన కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడి జెరోధాకి ఫోన్ చేసి, వాళ్లు నా వివరాలు సరిచూసుకున్నాక, ఆ లాట్ అమ్మించేశాను. నష్టం ఏడున్నర వేలు. అవతలివాళ్లు నన్నడక్కుండా ఏమీ చేయలేదు. డీలర్ అనుభవం తర్వాత నాకు అదే పెద్ద విషయం అనిపించింది. పెట్రోలు ఖర్చు బావమరిది ఇప్పటికీ ఎత్తిచూపుతాడు.

2019లో జెరోధాలో వచ్చిన జీటీటీ అనే ఆర్డరుని అందుకే నేను అందరికంటే ఎక్కువ మెచ్చుకుంటాను. ఈ ధర తగిలితే అమ్ము అని ఒకసారి పెడితే ఏడాది దాకా వాళ్ల సర్వర్లో ఉంటుంది, విశాఖలో కరెంటున్నా లేకపోయినా. అందులో ఓ మెలిక ఉంది. ధర (ట్రిగ్గర్) తగిలాక వెళ్లేది లిమిట్ ఆర్డరు, మనం పెట్టిన ధర కంటే తక్కువకి అమ్మదు. పొద్దున్నే మార్కెట్ మన లిమిట్ కంటే కిందికి తెరుచుకుంటే ఆర్డరు అలా వేలాడుతూ ఉండిపోతుంది. నేను లిమిట్‌ని ట్రిగ్గర్ కంటే రెండు మూడు శాతం కింద పెడతాను.

అదే 2019 నవంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, కార్వీ అనే బ్రోకర్ మీద ఆదేశం ఇచ్చింది. హైదరాబాద్ కంపెనీ, మన తెలుగువాళ్లలో ఎంతమందికి దాంట్లో ఖాతాలో. ఖాతాదారులు తమ షేర్లు కదిలించమని రాసిచ్చిన అధికారపత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, అడ్డం పెట్టుకుని వాళ్ల షేర్లు తాకట్టు పెట్టారన్నది అభియోగం. ఆ వార్త చదివిన రాత్రి నేను కొరియర్లో పంపిన కాగితాల నకళ్లు తీసి చూశాను. నేనూ అదే పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను! ఆ తర్వాత నిబంధనలు మారాయి. మన షేర్లు డీమ్యాట్ రూపంలో దాచే సంస్థ సీడీఎస్ఎల్ నుంచి టీపిన్ వచ్చింది, అమ్మేటప్పుడు పిన్ను, ఓటీపీ మనమే కొట్టాలి. 2022లో పవర్ ఆఫ్ అటార్నీ బదులు డీడీపీఐ అనే పత్రం తెచ్చారు, అది పరిమితమైన పనులకే. దాన్ని ఇవ్వకపోతే అమ్మకం జీటీటీ మీద పూర్తిగా ఆధారపడలేం, ఎందుకంటే టీపిన్ అనుమతి కూడా ఉండాలి. హుద్‌హుద్ గుర్తొచ్చి నేను ఇచ్చాను. సీడీఎస్ఎల్ నుంచి వచ్చే మెసేజీలు మాత్రం ఒక్కటీ వదలకుండా చదువుతాను.

నేను లేనప్పుడు ఇంత బాగా చూసుకున్న యాప్‌తో నేను ఎదురుగా కూర్చున్నప్పుడే డబ్బు పోగొట్టుకున్నాను. 2021, 22ల్లో వారం గడువు ముగిసే గురువారం గురువారం ఆప్షన్లు, సూచీ ఎటు పోతుందన్న దాని మీద పందెంలాంటివి. ఇరవై రూపాయలే కదా అని కొనడం, ఇరవై రూపాయలే కదా అని అమ్మడం. ఓ గురువారం ముప్ఫై నాలుగు ఆర్డర్లు లెక్కపెట్టాను. బ్రోకరేజీయే ఆరొందల ఎనభై, అంటే పాత ఆఫీసులో అరవై వేల రూపాయల షేర్లకి రానూపోనూ అయ్యేదానికంటే ఎక్కువ. అసలు నష్టం దానికి చాలా రెట్లు. 2024లో సెబీ లెక్క చెప్పింది, మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లలో, వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని. 2023-24లో జెరోధా లాభం 4,700 కోట్లు. అందులో నా ముప్ఫై నాలుగు ఇరవైలూ, నాలాంటివాళ్ల ఇరవైలూ ఉన్నాయి. వాళ్లని తిట్టడం లేదు. ఖాతా వివరాలు చూసుకునే కన్సోల్‌లో ట్రేడింగ్ ఆపేసుకునే కిల్ స్విచ్ పెట్టింది వాళ్లే, అది నొక్కి ఎఫ్ అండ్ ఓ విభాగం మూసేసుకున్నాను. మార్కులు వేయమంటే డెలివరీకి అయిదుకి నాలుగున్నర. ఆప్షన్ల జోలికి వెళ్లేవాళ్లకి ఏ యాప్‌నీ సిఫారసు చేయను. 2023లో వాడుకలో ఉన్న ఖాతాల సంఖ్యలో గ్రో అనే మరో బ్రోకర్ వీళ్లని దాటింది కానీ, మారాలని నాకనిపించలేదు.

కరోనా టైములో బాబాయ్ కూడా జెరోధాలో చేరాడు. ఇప్పుడు ఆయనకి 74. మొన్న ఎంవీపీ కాలనీ నుంచి ఫోన్ చేశాడు, హెచ్‌పీసీఎల్ ఓ యాభై అమ్ముతున్నాడట.

"ఓటీపీ వచ్చిందిరా, చెప్తాను రాసుకో."

"నాకు చెప్పకూడదు బాబాయ్, మీరే కొట్టండి."

"నీకు చెప్తే ఏటవుతాది?"

"ఎవరికీ చెప్పకూడదు. మీ షేర్లు అమ్మడానికి అదే తాళంచెవి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మరి ఆ మేడ మీదోడికి పద్నాలుగేళ్లు సంతకం పెట్టిచ్చేశాం కదరా."