ఎడిన్‌బరోలో టోపీ పెట్టినవాళ్ళు, టోపీ పట్టినవాళ్ళు

ముందు ఆ ఫ్లాట్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయబుద్ధి కావడం లేదు. ఆగస్టులో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగే ఫ్రింజ్ అనే నాటకాల, వీధి ఆటల పండగకి పిల్లల్ని తీసుకెళ్దామని ఏప్రిల్‌లోనే బుక్ చేశాం. మూడు రాత్రులకి 780 పౌండ్లు, క్లీనింగ్ అని పైన ఇంకో 60. ఊరి మధ్యలో ఉంది, ఐదుగురికి హాయిగా సరిపోతుంది, కిటికీలోంచి కోట కనపడుతుంది అని రాశారు. తీరా వెళ్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అక్కడి పాత రాతి మేడల్లో లిఫ్టులు ఉండవని ముందే కనుక్కోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను, కానీ ప్రకటనలో ఆ ముక్క ఎక్కడా లేదు. మెట్లు గుండ్రంగా తిరుగుతూ పోతాయి, ప్రతి మెట్టూ మధ్యలో అరిగి పల్లంగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యగారు 76 మెట్లు ఎక్కారు, లెక్కపెట్టింది కూడా ఆవిడే. పైకొచ్చి, కాసేపు గోడ పట్టుకుని నిలబడి, "తిరుమల మెట్లెక్కితే కనీసం దర్శనమైనా అయ్యేదమ్మాయ్" అన్నారు.

లోపల ఐదుగురికి కలిపి ఉన్నది ఒక డబుల్ మంచం, ఒక సోఫా. సోఫా లాగితే మంచం అవుతుందన్నారు. లాగాం. సగంలో ఇరుక్కుపోయింది, ఇక ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఓనర్‌కి మెసేజ్ పెడితే రాత్రి పదకొండింటికి "ఇంతవరకూ ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు" అని పక్కన నవ్వు బొమ్మ పెట్టి పంపించారు. మా ఆయన మూడు రాత్రులూ నేలమీదే పడుకుని, మూడు పగళ్ళూ నడుం పట్టుకుని తిరిగారు. కోట మాత్రం నిజంగానే కనపడింది, బాత్రూమ్ టబ్ అంచు మీద నిలబడి తొంగి చూస్తే.

కాబట్టి నా మాట వినండి. ఆగస్టులో ఊరి మధ్యలో అద్దెలు ఆకాశంలో ఉంటాయి. విద్యార్థులకి సెలవులు కాబట్టి యూనివర్సిటీ హాస్టల్ గదులు అద్దెకి ఇస్తారు, ముందు అవి చూడండి. లేదా ఊరికి ఓ పక్కగా రేవు దగ్గరున్న లీత్ వైపు దిగండి, ట్రామ్ నేరుగా ఊరి మధ్యలోని ప్రిన్సెస్ స్ట్రీట్‌కి తెచ్చి దింపుతుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఎన్నో అంతస్తు, ఎన్ని మెట్లు అని రాతపూర్వకంగా అడగండి.

రెండో దెబ్బ టికెట్ల దగ్గర తగిలింది. పిల్లల సర్కస్ ఒకటి, ఐదుగురికీ కలిపి 52 పౌండ్లు. హాలు కౌగేట్ అనే వీధిలో. ఫోన్ మ్యాప్‌లో మేమూ హాలూ ఒకే చుక్క మీద ఉన్నాం, "వచ్చేశాం, ఇక్కడే" అంటూ మా ఆయన అదే చోట మూడు చుట్లు తిప్పారు. విషయం ఏమిటంటే మేం నిలబడ్డది వంతెన మీద. సౌత్ బ్రిడ్జ్ అంటారు, 1788లో తెరిచింది, దానికి 19 కమానులున్నాయి గానీ ఒక్కటి తప్ప అన్నీ భవనాల వెనక దాగిపోయాయి, రెండు పక్కలా షాపులే ఉంటాయి కాబట్టి నడిచేవాళ్ళకి అది వంతెన అనే అనిపించదు. ఆ బయటికి కనపడే ఒక్క కమాను కింద నుంచే కౌగేట్ పోతుంది. అంటే హాలు సరిగ్గా మా కాళ్ళ కింద ఉంది! చుట్టూ తిరిగి కిందికి దిగేసరికి నాలుగు నిమిషాలు లేటు. తలుపు దగ్గరి అమ్మాయి రానివ్వలేదు. ఆలస్యమైతే ప్రవేశం లేదని టికెట్ మీద ఉన్నమాట నిజం. ఒక్కో షో సుమారు గంట, అవగానే అదే హాల్లో ఇంకో బృందం దిగాలి, అర్థం చేసుకోగలను. కానీ ఐదేళ్ళ పిల్ల ఎదురుగా వెక్కివెక్కి ఏడుస్తుంటే తలెత్తి కూడా చూడకుండా "పక్కకి జరగండి" అనాలా? డబ్బు వాపసు లేదు. ఆ ఊళ్ళో మ్యాప్ చూపించే దూరానికి ఇంకో పావుగంట కలుపుకోండి, మెట్లుంటాయి కాబట్టి స్ట్రోలర్ ఉంటే అరగంట.

ఏడుపు మొహాలతో పైకెక్కి, పాత ఊరి పెద్ద వీధి రాయల్ మైల్‌లోని హై స్ట్రీట్ అనే భాగానికి వచ్చాం, అసలు పండగ అక్కడుంది. కార్లు ఉండవు. పది అడుగులకో గుంపు, గుంపు మధ్యలో ఒకరు. మేం ఆగిన చోట ఒకతను రాళ్ళ మీద తాడు గుండ్రంగా పరిచి, పిల్లలందర్నీ తాడు అంచునే కూర్చోమన్నాడు, పెద్దవాళ్ళు వెనక. దేనికీ ఆనించని నిచ్చెన ఎక్కి, పడిపోకుండా కాళ్ళతో దాన్ని అటూ ఇటూ నడిపిస్తూ మూడు కత్తులు ఎగరేశాడు. వాటిలో ఒకటి కిందినుంచి అందించింది మా తొమ్మిదేళ్ళ వాడు! పిడి వైపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా వాడి నోట్లో ఇంకో మాట లేదు. అత్తయ్యగారు "మన సంతల్లో తాడు మీద నడిచేవాళ్ళ ఆటే ఇది, కాకపోతే వీడికి మైకుంది" అన్నారు గానీ కన్ను మాత్రం తిప్పలేదు.

1947లో పెద్ద అంతర్జాతీయ ఉత్సవం పెడితే ఆహ్వానం లేని ఎనిమిది నాటక బృందాలు తమంతట తాము వచ్చి పక్కన ఆడాయట, ఫ్రింజ్ అలా మొదలైంది. ఈ మాట చెప్తే అత్తయ్యగారు "పిలవని పేరంటమన్నమాట" అని తేల్చేశారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

వీధి ఆటకి టికెట్ ఉండదు, చివర్లో టోపీ పడతారు. జీతం ఎవరూ ఇవ్వరు, ఆ టోపీయే వాళ్ళ సంపాదన. చిల్లర లేదనడానికి లేదు, టోపీ పక్కనే కార్డు మెషీన్ కూడా పట్టుకుంటున్నారు. మేం ఆటకి 10 చొప్పున వేశాం, మూడు రోజుల్లో నాలుగు ఆటలు, 40 పౌండ్లు. లోపలికి వెళ్ళకుండానే పోయిన ఆ 52తో పోల్చుకోండి.

తిండి ఖరీదే. వెన్న, బీన్స్ వేసిన కాల్చిన బంగాళాదుంప 8 పౌండ్లు అంటే అత్తయ్యగారు రూపాయల్లోకి మార్చుకుని మళ్ళీ కవర్లోని పులిహోరే తిన్నారు. రెండో రోజంతా వాన. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది, వెనకవాళ్ళకి ఆట కనపడదు, టోపీ ఉన్న రెయిన్‌కోట్లు తీసుకెళ్ళండి. హై స్ట్రీట్‌లోనే ఉన్న మ్యూజియం ఆఫ్ చైల్డ్‌హుడ్ ఉచితం, పాత బొమ్మల మధ్య చిన్నది గంటన్నర గడిపింది. ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం కూడా ఉచితమే, పిల్లలకి బాత్రూమ్ కావాలన్నప్పుడల్లా మేం పరిగెత్తింది అక్కడికే. దారిలో ప్రతివాళ్ళూ తమ షో పాంప్లెట్ చేతిలో పెడతారు. వద్దనకండి, మావాడు 63 పోగుచేసి రాత్రి ఆ విరిగిన సోఫా మీద చెల్లెలితో పేకాట ఆడాడు.

ఆఖరి రోజు రైలుకి ముందు నిచ్చెన అతని దగ్గర మళ్ళీ ఆగాం. ఆట అయ్యాక నేను పర్సు తీస్తుంటే అత్తయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. స్వెట్టర్ కింద నుంచి కొంగు లాగి ముడి విప్పబోయారు, రెండు పౌండ్ల నాణెం ఎప్పుడు కట్టుకున్నారో ఏమో. ముడి బిగుసుకుపోయింది, చలికి వేళ్ళు రావడం లేదు. వెనక జనం వరసలో ఉన్నా అతను టోపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.