గీతలు పడిన బిలియర్డ్స్ బంతి: పాలిష్ చేయడమా, ముందే కాపాడుకోవడమా?

ఫినాలిక్ రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బిలియర్డ్స్ బంతిపై ఏర్పడిన సన్నని గీతలను, ఆ బంతుల కోసమే తయారైన పాలిష్‌తో, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో ఓపికగా రుద్ది చాలావరకు కనబడకుండా చేయవచ్చు. లోతైన గీతలను గరుకు కాగితంతో అరగదీయడం మాత్రం నాకు సమ్మతం కాదు; 52.5 మిల్లీమీటర్ల స్నూకర్ బంతి ఒకవైపే అరిగితే గుండ్రదనం చెడి, నెమ్మదిగా దొర్లేటప్పుడు దారి తప్పుతుంది. పైగా ఒక స్నూకర్ సెట్టులోని బంతుల బరువుల్లో తేడా 3 గ్రాములకు మించరాదన్నది నియమం. లోతైన గీతలు పడిన బంతిని మార్చడమే మేలు.

నివారణలో ఇంత చిక్కు లేదు. క్యూ (బంతిని కొట్టే కర్ర) కొనకు రాసే చాక్‌లో సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ వంటి గట్టి రేణువులు ఉంటాయి కనుక, బల్లపై పరచిన గుడ్డలో చేరే ఆ పొడిని బ్రష్‌తో తరచుగా తీసివేసి, ఆట ముగిశాక బంతులను తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే, గీతలకు ముఖ్యకారణమే చాలావరకు తొలగిపోతుంది. రద్దీగా ఉండే క్లబ్బుల్లో మాత్రం రెండు పనులూ తప్పవు.