డెల్టా వరికి యూరియా, మెట్ట కందికి జీవామృతం

నెల్లూరు డెల్టాలో వరి వేసే రైతును రేపటి నుంచే యూరియా మానెయ్యమంటే నేను ఒప్పుకోను. 45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది, పైరుకు త్వరగా అందుతుంది. సేంద్రియ సాగులో యూరియా బదులు వాడే జీవామృతం అలా కాదు. 200 లీటర్ల నీళ్లలో పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి పారిస్తే నేలలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫలితం మెల్లగా వస్తుంది. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది, ఆ ఏడాదే నిర్ణయం వెనక్కి తీసుకుంది. తిండి గింజలతో అంత తొందర ఏ దేశానికీ వద్దు.

ప్రకాశం మెట్ట పొలాల్లో లెక్క వేరు. కంది, శనగ వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త విశ్లేషణలో సేంద్రియ దిగుబడి మొత్తం మీద 25 శాతం తక్కువ తేలింది. అనువైన నేలల్లో వర్షాధార పప్పుజాతి పంటలకైతే తేడా 5 శాతమే. పైగా వాన మొహం చాటేస్తే ఎరువుల అప్పు టెన్షన్ ఉండదు. నేనైతే సేంద్రియ సాగు మెట్టలో మొదలుపెట్టమంటాను. వరిలో మాత్రం నాట్లకు ముందు జీలుగో జనుమో పచ్చిరొట్ట ఎరువుగా పెంచి కలియదున్ని, యూరియా బస్తాలు ఏటా కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.