సౌరపవనం, భూ అయస్కాంత క్షేత్రం: ఎల్1 కాపలా, నాలుగు నౌకల గుంపు, నేలమీది మాగ్నెటోమీటర్... ఏది మేలు?

సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో, ఘన సెంటీమీటరుకు అయిదు ప్రోటాన్ల చొప్పున సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం, అంటే సౌరపవనం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని 1.3 నానోపాస్కల్ ఒత్తిడితో తోస్తుంది. పగటివైపు సరిహద్దు సుమారు 10 భూవ్యాసార్ధాల దూరంలో నిలుస్తుంది. దాన్ని సగానికి నెట్టాలంటే ఒత్తిడి 64 రెట్లు కావాలి, ఎందుకంటే దూరం ఒత్తిడి ఆరో మూలానికి విలోమంగా మారుతుంది. ఈ తోపులాటను ఎక్కడి కొలతలతో చదవాలన్నది, అడిగే ప్రశ్న ‘ఏం వచ్చింది’ అన్నదా, ‘లోపలికెలా చొరబడింది’ అన్నదా అనే దాన్ని బట్టి తేలుతుంది.

ఏం వచ్చిందో తెలియాలంటే ఎల్1 (సూర్యుడికీ భూమికీ మధ్య నౌకలను కాపలా ఉంచే బిందువు) డేటాకు సాటి లేదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు అమెరికా నౌకలు ఏస్, డిస్కవర్‌లతో పాటు, 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆదిత్య-ఎల్1 కూడా ఉంది. దాని 6 మీటర్ల బూమ్‌ (పొడవాటి చేయి) మీద మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) సెన్సర్లు రెండు చోట్ల ఉంటాయి: ఒకటి చివర, ఒకటి 3 మీటర్ల దగ్గర. నౌక సొంత అయస్కాంతత్వం దూరంతో గబగబా తగ్గుతుంది కాబట్టి రెండు రీడింగుల తేడా చూసి ఆ కల్తీని తీసేయొచ్చు.

ఇక్కడ చిక్కంతా టైముతోనే. 400 కి.మీ. వేగానికి ఎల్1 నుంచి భూమికి 62 నిమిషాలు, 800కైతే 31. పైగా ఈ నౌకలు సూర్య-భూమి గీత నుంచి లక్షల కిలోమీటర్లు పక్కకు తిరుగుతుంటాయి. వచ్చే పొర ఏటవాలుగా ఉంటే లెక్క ఇంకా తప్పుతుంది. నాసా వారి ఓమ్ని ఒక నిమిషం డేటాలో ఎల్1 కొలతల సమయాన్ని భూమి దగ్గరికి జరిపే పని ముందే చేసి ఉంటుంది. అది చూసుకోకుండా మళ్లీ గంట జరిపేవాళ్లు కొల్లలు. డేటా లేనిచోట 9999.99 లాంటి అంకెలుంటాయి, సగటు తీసేముందు వాటిని తొలగించాలి. క్షేత్రపు ఉత్తర-దక్షిణ భాగమైన బీజడ్‌ను జీఎస్‌ఈలో కాదు, జీఎస్‌ఎం నిర్దేశాంకాల్లో తీసుకోవాలి. జీఎస్‌ఈ అక్షాలు భూకక్ష్య తలాన్ని బట్టి ఉంటాయి; భూమి అయస్కాంత అక్షం వంపును లెక్కలోకి తీసుకునేది జీఎస్‌ఎమ్మే.

చొరబాటు ఎలా జరిగిందన్న ప్రశ్నకు ఒంటరి నౌక సరిపోదు. సరిహద్దు దాటేటప్పుడు అది కొలిచే క్షేత్రం 10 సెకన్లలో తిరగబడిందనుకోండి. సరిహద్దు 20 కి.మీ./సె. వేగంతో కదిలితే పొర మందం 200 కిలోమీటర్లు, 100తో కదిలితే 1000. రెండిట్లో ఏదో ఆ ఒక్క నౌక గ్రాఫు చూసి చెప్పలేం. అందుకే క్లస్టర్ (2000–2024), ఎంఎంఎస్ (2015 నుంచి) నాలుగేసి నౌకలతో వెళ్లాయి. ఒకే మలుపు నాలుగింటికీ తాకిన సమయాల తేడాలు మూడు, నౌకల స్థానాలు తెలిసినవే. మూడు సమీకరణాలు రాస్తే పొర దిశ, వేగం రెండూ వచ్చేస్తాయి.

విద్యుత్ ప్రవాహం కావాలంటే, నాలుగు నౌకల రీడింగుల తేడాల నుంచి క్షేత్రపు కర్ల్‌ను (సుడి తిరిగే తీరును) లెక్కగట్టే కర్లోమీటర్ పద్ధతి ఉంది. ఇక్కడ నౌకల మధ్య దూరమే ప్రాణం. 500 కి.మీ. మందంలో క్షేత్రం 60 నానోటెస్లాలు మారితే ప్రవాహం చదరపు మీటరుకు సుమారు 95 నానోఆంపియర్లు. నౌకలు 10 కి.మీ. దూరంలో ఉండి ఒక సెన్సర్ సున్నా 0.1 నానోటెస్లా జరిగినా, 8 నానోఆంపియర్ల దొంగ ప్రవాహం పుడుతుంది. దూరం పెంచితే ఆ పొరపాటు తగ్గుతుంది. కానీ పొర మందాన్ని మించిందా, అసలు ప్రవాహమే తక్కువగా కనిపిస్తుంది. నాలుగు నౌకలూ దాదాపు ఒకే తలంలోకి వచ్చినప్పుడైతే ఆ తలానికి అడ్డంగా ఉన్న దిశలో క్షేత్రం ఎంత మారుతోందన్న లెక్క నమ్మొద్దు. క్షేత్రపు డైవర్జెన్స్ (ఒక చోటు నుంచి బయటికి విచ్చుకునే తీరు) సున్నా రావాలి. దాన్ని కర్ల్‌తో భాగించి చూసి, పెద్దగా వస్తే ఆ ముక్క పక్కన పెట్టేయాలి.

ఎంఎంఎస్ నౌకలు 7 కిలోమీటర్ల దాకా దగ్గరయ్యాయి, ఎలక్ట్రాన్లను 30 మిల్లీసెకన్లకోసారి కొలుస్తాయి. అయితే ఇంత వేగంగా తీసిన డేటాలో కొద్ది శాతమే భూమికి చేరుతుంది, మిగతాది పోయినట్టే. అయస్కాంత తుఫాను (సౌరపవనం దెబ్బకు భూక్షేత్రంలో వచ్చే అలజడి) మొత్తం చూద్దామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

నేలమీది కేంద్రం చవక, పైగా ఏళ్ల తరబడి తెగని గీత ఇస్తుంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వారి చౌటుప్పల్ కేంద్రం లాంటి చోట నలభై వేల నానోటెస్లాల పైన ఉన్న క్షేత్రంలో పదుల మార్పును పట్టాలి. కారణం మాత్రం అది చెప్పదు. డీఎస్‌టీ సూచీలో (నేలమీది కేంద్రాల కొలతలతో తుఫాను తీవ్రతను నానోటెస్లాల్లో చెప్పే అంకె) వలయ ప్రవాహంతో (భూమి చుట్టూ తిరిగే విద్యుత్ ప్రవాహం) పాటు ఒత్తిడి దెబ్బ కూడా కలిసి ఉంటుంది. ఒత్తిడిని నానోపాస్కల్‌లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 7.26తో గుణించి డీఎస్‌టీ నుంచి తీసేసి, 11 కలిపితే ఆ వాటా పోతుంది. ఆ ఒత్తిడి అంకె కోసం మళ్లీ ఎల్1 గడప తొక్కాల్సిందే.

ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థికి ఎల్1, నేల జోడీయే మేలు. నాలుగు నౌకల గుంపు డేటా తర్వాత చూడొచ్చు. మొదటి కేసుగా 2024 మే తుఫాను తీసుకోండి, డీఎస్‌టీ −400 దాటింది. మొదటి దెబ్బ మే 10న 17:05 యూటీ (అంతర్జాతీయ సమయం) ప్రాంతంలో నేలకు తాకింది. మనకప్పుడు రాత్రి 10:35, రోజువారీ పగటి ప్రవాహాల గొడవ పెద్దగా ఉండదు కాబట్టి మన కేంద్రాల గీతలో ఆ గెంతు విడిగా కనిపిస్తుంది.